వంద గజాల అవతల

మిషిగన్‌లోని ట్రాయ్. 1982 అక్టోబరులో ఒక శనివారం ఉదయం, సన్నటి వాన. సాకర్ మైదానం పక్కన పార్కింగ్ లాట్‌లో ఆగిన స్టేషన్ వేగన్‌లో అచ్యుతరావు, భార్య శశికళ.

“ఛీ! ఆ కుర్చీలు చూడవే, కుర్చీలు! మడత కుర్చీలు, గొడుగులు, ఐసు పెట్టెలు... పదేళ్ళ పిల్లల ఆట చూట్టానికొచ్చారా, తిరునాళ్ళకొచ్చారా?”

“వాన పడుతోంది కదండీ. గొడుగులు తెచ్చుకున్నారు.”

“నాలుగేళ్ళ కిందట ఏమయ్యాయి ఈ గొడుగులు? డెబ్భై ఎనిమిదిలో ఇదే మైదానంలో పధ్నాలుగు మంది పిల్లలూ, నేనూ. బంతి కూడా నాదే. అప్పుడీ పెద్దమనుషులే కారాపి, అద్దం దించి, ‘ఇదేం ఆటోయ్, చేతులు లేనివాళ్ళ ఆటా?’ అని పళ్ళికిలించి పోయేవాళ్ళు.”

“ఇప్పుడు ఇకిలించట్లేదుగా.”

“అదే నాకు రోత! ఇకిలించినా బావుండేది. ఇప్పుడు ప్రేమట! ఎనిమిది వందల మంది పిల్లలట! ప్రతి కారుకీ వెనకాల బంతి బొమ్మ. ఆఫీసులో బేస్‌బాల్ తప్ప ఇంకోటి తెలీని వెధవ, నిన్న నా టేబుల్ దగ్గరకొచ్చి, ‘సాకర్ ఈజ్ ద ఫ్యూచర్’ అని నాకు చెప్తున్నాడు. నాకు!”

“ఆట మొదలెట్టారండీ. అటు చూడండి.”

“ఏం చూడను? వంద గజాల అవతల్నించి అందరూ చీమల్లా ఉన్నారు.”

“అద్దం తుడుస్తానుండండి. మన కారే మసకేసింది.”

“తుడవక్కర్లేదు. వంద గజాలు! ఇదిగో, లీగు వాళ్ళ కాయితం మళ్ళీ చదువుతా విను. మిస్టర్ అచ్యుతరావుగారు మూడు శనివారాల పాటు కోచ్‌గా ఉండరాదు, మైదానం గీతకి వంద గజాల లోపలికి రారాదు. నేనేమన్నా పిచ్చికుక్కనటే? అంటురోగం వాణ్ణా?”

“నిన్నట్నించి ఇది పదోసారి చదవడం. మడిచి జేబులో పెట్టుకోండి. రేణు పొద్దున్న నన్ను అడిగింది, డాడీ కార్లోంచైనా చూస్తాడా అని. చూస్తాడమ్మా, నేను చూపిస్తాగా అన్నా.”

“చూస్తున్నాగా.”

“కాయితం చూస్తున్నారు.”

“నాకు రెండు కళ్ళున్నాయి... ఆ కెల్లర్‌గాడి వాలకం చూడు! మెళ్ళో విజిల్, నెత్తిన టోపీ. ఇన్సూరెన్సు అమ్ముకునేవాడు! మొన్న ఆగస్టులో లైబ్రరీ పుస్తకం చంకలో పెట్టుకొచ్చి, ‘అచూ, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటి?’ అని నన్నడిగాడు. అచ్యుత్ అనడం కూడా రాదు, తుమ్మినట్టు పిలుస్తాడు. వాడు నా టీముకి కోచ్!”

“మంచాయనేనండీ. మీ దగ్గరకొచ్చి సారీ కూడా చెప్పాడు.”

“వీళ్ళు సారీ చెప్పడానికేం లోటు! సారీ అంటారు, గెంటేస్తారు. ఏరు దాటాక బోడి మల్లన్న. నేర్పేదాకా నేను కావాలి. నేర్పాక నాకు రూల్సు చెప్తారు.”

“ఏమండీ... రేణుని ఆటలోకి దింపారు.”

“ఎవర్ని?”

“మన రేణునండీ! తొమ్మిదో నంబరు, నీలం చొక్కా. మొదట్నించే దింపినట్టున్నారు, నేనే ఇందాక గుర్తుపట్టలేదు. అటు చూడండి, అదిగో!”

“మొదట్నించే దింపాడా? బుద్ధి లేనివాడు. వాన్లో దానికి కాలు జారుతుంది.”

“మీరు ఆరు మ్యాచీల్లో ఒక్కసారి దింపుంటే జారుతుందో లేదో తెలిసేది.”

“మొదలెట్టావా?”

“నేనేం మొదలెట్టలేదు. చూడమంటున్నా, అంతే.”

“నా కూతుర్ని నేనే ముందు దింపుకుంటే నలుగురూ ఏమనుకుంటారే? మనింట్లో పెళ్ళైతే మొదటి పంక్తిలో మనం కూచుంటామా? ఊళ్ళోవాళ్ళ పిల్లలు తిన్నాక మన పిల్లలు తింటారు. మా నాన్న నన్నలాగే పెంచాడు. నేనూ అలాగే పెంచుతా.”

“మావయ్యగారు ఆఖరి పంక్తిలోనైనా మిమ్మల్ని కూచోబెట్టారు కదా! మీరు ఆఖరి పంక్తి వెయ్యకుండానే వంటగిన్నెలు కడిగించేశారు.”

“ఏం మాటలే అవి?”

“ఉన్న మాటే. ఆరు శనివారాలండీ. చొక్కా ఇస్త్రీ చేసి, సాక్సు తొడిగి పంపిస్తే, పిల్ల ఎలా వెళ్ళింది అలాగే తిరిగొచ్చేది. చొక్కాకి మట్టి మరక లేదు. పోయిన శనివారం అదేం చేసిందో మీకు తెలుసా?”

“ఏం చేసింది?”

“మీరు బంతులు సంచిలో వేసుకుంటుంటే, ఆ గట్టు మీద కూచుని, మోకాళ్ళకి మట్టి రాసుకుంది. రెండు చేతుల్తో. ఇంటికొచ్చాక నేను స్నానం చేయిస్తుంటే, ‘మమ్మీ, టుడే ఐ ప్లేడ్’ అంది.”

“...నాకు చెప్పలేదేం?”

“చెప్తే వినేవాళ్ళైతే చెప్పేదాన్ని. అదిగో, బంతి దాని వైపే వెళ్తోంది. చూడండి, చూడండి... అయ్యో, దాటిపోయింది. ఐనా పరిగెత్తింది!”

“విన్నావా? విన్నావా ఆ చప్పట్లు? బంతి దాటిపోతే చప్పట్లేమిటే! తగిలితే ‘గుడ్ జాబ్’, తగలకపోతే ‘గుడ్ ట్రై’, కిందపడి ముక్కు పగిలితే ‘వే టు గో’. ఛీ, నా ఒళ్ళు మండిపోతుంది. ఆట అంటే తప్పు చేస్తే తిట్టాలి. కాకినాడలో బూట్లు లేకుండా ఆడేవాళ్ళం. బంతి వదిలేస్తే మా కోచ్ మైదానం మధ్యలో నించోబెట్టి గుంజీలు తీయించేవాడు. అలా వస్తుంది ఆట!”

“పదేళ్ళ ఆడపిల్లలండీ వీళ్ళు.”

“ఐతే? వాళ్ళకి ఆట అక్కర్లేదూ? ఈ దేశంలో ఎవడికీ ఆట అక్కర్లేదే, తమాషా కావాలి. మొన్న వేసవిలో వరల్డ్ కప్ ఫైనల్ టీవీలో వేశాడని భాస్కర్ వాళ్ళింట్లో పాతికమందిమి కూచున్నామా? మధ్యలో సబ్బుల ప్రకటనలు! ఆగని ఆటకి మధ్యలో సబ్బేమిటే! పాంటియాక్‌లో స్టేడియానికి వెళ్తే ఏం చూశాం? గడియారం నలభై ఐదు నించి సున్నాకి వెనక్కి నడుస్తుంది. బంతి ఎవడి కాలికి తగిలినా ఆర్గన్ వాయిస్తాడు. రంగు కుచ్చులు పట్టుకుని ఆడపిల్లలు గెంతుతారు. ఆట సమానంగా ముగిస్తే వీళ్ళకి అన్నం అరగదు. ఒక్కొక్కణ్ణే గోల్‌కీపర్ మీదికి తోలి, ఎవడో ఒకడు గెలిచాడనిపిస్తే గానీ ఇళ్ళకెళ్ళరు.”

“ఆరోజు మీరూ లేచి నించుని అరిచారు.”

“అరిచాను. నాకు సిగ్గు లేక. డెట్రాయిట్‌లో నా ఆట చూడబోతున్నానని ఏడుపొచ్చి అరిచాను. నా ఆటని వీళ్ళు ఐస్‌క్రీమ్‌లా చేసి నాకుతున్నారని అప్పుడు తెలీలేదు.”

“ఫ్లాస్కులో కాఫీ ఉంది, పొయ్యనా?”

“వద్దు. అసలీ పని చేసిందెవరో నాకు తెలియాలి. అది తేలేదాకా నాకు నీళ్ళు కూడా దిగవు.”

“ఎవరైతే ఏం లెండి. రేణు మళ్ళీ బంతి దగ్గరికెళ్తోంది, అటు...”

“కెల్లరే! ఇంకెవరు? నా కుర్చీ కోసం.”

“ఆయన కాదు.”

“నీకెలా తెలుసు?”

“ఆయన... ఆయన మొహం చూస్తే తెలీదూ?”

“మరైతే ఆ పళ్ళ డాక్టరు. వాళ్ళమ్మాయి బంతిని చూసి కళ్ళు మూసుకుంటుందని అన్నాను, మనసులో పెట్టుకున్నాడు. లేకపోతే రామమోహన్!”

“రామమోహన్‌గారెందుకు రాస్తారండీ! వాళ్ళ పిల్లలు టెన్నిస్‌కి వెళ్తారు.”

“కుళ్ళు! తెలుగువాడు ఒకడు పైకొస్తే ఇంకో తెలుగువాడికి నిద్ర పట్టదు. ఉగాదికి అసోసియేషన్ వాళ్ళు నాకు శాలువా కప్పినప్పుడు చూశావుగా వాడి మొహం.”

“ఆయన పాపం మనకి ఆరోజు కుర్చీలు మోశాడు. ఊరికే అందర్నీ అనకండి.”

“అందర్నీ అనకూడదు, ఎవరో ఒకర్ని అనాలి కదా! కాయితంలో పేరు రాయలేదు, పిరికి వెధవలు. ఇదిగో, ఇక్కడుంది. టీములో ఒక ఆటగత్తెని ఒక్క మ్యాచిలో కూడా దింపలేదని, ప్రతి పిల్లా సగం ఆటైనా ఆడాలన్న రూలు ఉల్లంఘించారని... ఒక తల్లి సెక్రటరీ ఇంటికి స్వయంగా వచ్చి ఫిర్యాదు చేసి సంతకం పెట్టినందున... ఆగు. తల్లి!”

“చలిగా ఉంది, హీటర్ వేస్తారా?”

“తల్లి అని రాశారే. ఇది నేనిన్నిసార్లు చదివినా కళ్ళకి ఆనలేదు. అంటే కెల్లర్ కాదు, కెల్లర్ పెళ్ళాం. కాకపోతే పళ్ళ డాక్టరు పెళ్ళాం. దింపని పిల్ల మన పిల్లైతే వాళ్ళకెందుకు బాధ? నా పిల్లని నేను కూచోబెట్టుకుంటా, నిలబెట్టుకుంటా! నా ఇంటి సంగతి ఊళ్ళో ఆడాళ్ళకెందుకటా?”

“అటు చూడండీ, రేణు ఇంకా ఆడుతూనే ఉంది, తియ్యలేదు...”

“ఎవరై ఉంటారే? నువ్వు వాళ్ళతో మాట్లాడతావుగా. ఎవరన్నా నీ దగ్గర అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదు.”

“ఆ లీగు సెక్రటరీ ముసలిది, విటేకర్, ఆవిడింటికెళ్ళి మరీ చెప్పిందంటే ఎంత పగబట్టి ఉండాలి! లోపల కూచుని, తలుపేసుకుని, నా మీద చాడీలు...”

“తలుపేమీ వేసుకోలేదు. వరండాలోనే కూచున్నాం.”

“...ఏంటన్నావ్?”

“ఏం లేదు.”

“వరండాలో కూచున్నామా? శశీ. ఇటు చూడు. అటు కాదు, ఇటు చూడు.”

“మీరే అటు చూడాలి. రేణు...”

“రేణు సంగతి తర్వాత! నువ్వా?”

“నేను ఫిర్యాదు చెయ్యలేదండీ.”

“నువ్వేనా?”

“మీ తోడు, ఫిర్యాదు చెయ్యలేదు. ఒక మాట అన్నానంతే. అది మోకాళ్ళకి మట్టి రాసుకున్నరోజు నాకు మనసాగలేదు. మర్నాడు మీరు నిద్రపోతుంటే నాలుగు గారెలు వేసి పట్టుకెళ్ళా. పెద్దావిడ కదా, మీరు ఆవిడ మాటైతే వింటారు కదా అని. ‘మా ఆయనకి మీరొక మాట చెప్పండి, అమ్మాయిని ఒక్కసారి ఆడనియ్యమని. నేను చెప్పానని చెప్పకండి’ అన్నా. మనవైపు పెద్దవాళ్ళకి చెప్పుకోమూ? మా పిన్ని వెళ్ళి మా పెద్దమ్మకి చెప్పుకుంటే, మా బాబాయిని పెరట్లోకి పిల్చి, నాలుగు చివాట్లేసి పంపించేది. ఎవరికీ తెలిసేది కాదు.”

“గారెలు పట్టుకెళ్ళి...”

“ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ‘ఓ మై డియర్’ అంది. లోపలికెళ్ళి కాయితాలు తెచ్చింది. నేను చెప్పినవన్నీ రాసుకుంది. ఎన్ని మ్యాచీలు, ఏ తారీకులు. ఆవిడది పెద్దవయసు కదా, మరిచిపోతుందని రాసుకుంటోందేమో అనుకున్నా.”

“సంతకం? సంతకం కూడా మరిచిపోతుందనే పెట్టావా?”

“పెట్టమంటే పెట్టానండీ. కాఫీ ఇచ్చింది. రెండో గారె కూడా తింది, బావున్నాయంది. అంత మర్యాద చేసి పెన్ను చేతికిస్తే, కాదని ఎలా అనను?”

“ఛీ! ఛీ! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? నేను ఊరందర్నీ తిట్టుకుంటున్నానే! కెల్లర్‌ని చూసి మొహం తిప్పుకున్నాను! రామమోహన్ ఫోన్ చేస్తే పెట్టేశాను! నా పెళ్ళాం, నా కొంపలో వండిన గారెలు పట్టుకెళ్ళి, తెల్లదానింట్లో కూచుని నా పరువు...”

“ఏమండీ!”

“నోర్ముయ్! నాలుగేళ్ళు! చలిలో, మంచులో, ఆ గోల్ స్తంభాలు నా భుజం మీద మోశాను. గీతలకి సున్నం నేను పోశాను. వీళ్ళకి ఆటిచ్చాను. ఇవాళ నన్ను కార్లో కట్టేసి...”

“ఏమండీ! గోల్! గోలండీ! రేణు! మన రేణు కొట్టింది!”

“మాట మార్చకు!”

“మీ మీదొట్టు! కాలెత్తి కొట్టింది, బంతి వలలో పడింది! నేను చూశా! హారన్లు వినపడట్లా? అటువైపు కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు!”

“హారన్ మీంచి చెయ్యి తియ్యి! తియ్యి!”

“నా కూతురు గోల్ కొడితే నేను కొట్టకూడదా? అటు తిరగండి ఒక్కసారి! అదిగో, మైదానం మధ్యలో నించుని ఇటే చూస్తోంది. చెయ్యూపండి!”

“ఎలా ఊపనే! ఏ మొహం పెట్టుకుని ఊపను? సంతకం! సొంత పెళ్ళాం సంతకం! మొన్న లీగు మీటింగులో తొమ్మిదిమంది ముందు నన్ను నించోబెట్టారు, తెలుసా? ‘ఒక పేరెంట్ ఆవేదన’ అన్నారు. నేను ‘ఏ పేరెంట్?’ అని గట్టిగా అరిచాను. అందరూ కాళ్ళ వంక చూసుకున్నారు. వాళ్ళందరికీ తెలుసన్నమాట. నా ఒక్కడికే తెలీదు. నామీద జాలిపడ్డారే, థూ!”

“నన్ను తిట్టండి. ఇంటికెళ్ళాక ఎంతసేపైనా తిట్టండి. నాది తప్పే. ఇంత దూరం వస్తుందని నాకు తెలీదు. మూడు వారాలు అన్నం మానేసి కూచుంటా, సరేనా? ఇప్పుడు మాత్రం ఇటు తిరగండి.”

“నీకు ఆట తెలీదు, రూలు తెలీదు...”

“తెలీదు. ఆట నాకెప్పుడూ తెలీదు. పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలుసు. ఆరు వారాలు అది మీ పక్కనే బెంచీ మీద కూచుంది కదా, ఒక్కసారన్నా దాని మొహం చూశారా? ఎవరు ఎక్కడ తప్పు నించున్నారో అన్నీ కనిపించాయి మీకు. అది కనిపించిందా?”

“విజిల్ వేశాడు.”

“ఆఁ, సగం ఆటైంది. అందరికీ నారింజ ముక్కలు పంచుతున్నారు. అయ్యో, రేణు తీసుకోలేదు. ఇటే వస్తోందండీ! వాన్లో పరిగెత్తుకుంటూ వస్తోంది! మీ దగ్గరికే!”

“ఎందుకు? అది టీముతో ఉండాలి. కోచ్ చెప్పేది వినాలి.”

“మీకు చెప్పుకోడానికండీ! మొదటిసారి ఆడింది, గోల్ కొట్టింది, ఎవరికి చెప్పుకుంటుంది? ఏమండీ, మీకు దణ్ణం పెడతా. చూశానని చెప్పండి.”

“చూళ్ళేదుగా.”

“చూశానని చెప్పండి.”

“అబద్ధం చెప్పమంటావా?”

“చెప్పండి! ఇంతకన్నా పెద్దవి చాలా చెప్పాం ఈ దేశంలో. చూళ్ళేదని చెప్తే అది మళ్ళీ జన్మలో బంతి ముట్టుకోదు. నా మీది కోపం దాని మీద చూపించకండి. ఆ కాయితం దాచండి. మొహం... మొహం కాస్త నవ్వుతూ పెట్టండి.”

“సరేలే. నువ్వు మధ్యలో మాట్లాడకు. అద్దం దించుతున్నా... రేణూ! రామ్మా, తడిసిపోయావు! లోపలికి రా!”

“నో, లోపలికి రాను. షూస్ అంతా మడ్ ఉంది... డాడీ, నువ్వు చూశావ్?”

“చూడకేం! చూశానమ్మా!”

“ఇక్కడ్నుంచి కనిపించింది?”

“బ్రహ్మాండంగా కనిపించింది. కన్నార్పలేదు నేను. మీ మమ్మీ సాక్షి.”

“నేను కొట్టింది చూశావ్? బాల్ లోపలికి వెళ్ళింది చూశావ్?”

“మొత్తం చూశా తల్లీ! ఎంత బాగా కొట్టావే! ఆ కాలెత్తడం, ఆ గురి! నా కూతురనిపించావు. రేపు భాస్కర్ అంకుల్‌కి, రామమోహన్ అంకుల్‌కి అందరికీ ఫోన్ చేసి చెప్తా.”

“ఏడుస్తున్నావేంటే రేణూ? ఏమైంది? సంతోషంగా ఉండాలి గానీ! దెబ్బ తగిలిందా?”

“నో మమ్మీ.”

“మరేంటమ్మా? డాడీ చూశాడుగా! చెప్తున్నాడుగా!”

“కోచ్ కెల్లర్ హగ్ చేశాడు. అందరూ ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే అన్నారు. నేను డాడీ దగ్గరికి వచ్చాను, ఎందుకంటే డాడీ ఇట్స్ ఓకే అనడు. డాడీకి సాకర్ తెలుసు.”

“...రేణూ?”

“నువ్వు చూస్తే తిట్టేవాడివి, డాడీ. నేను కొట్టింది మన గోల్‌లో.”